జిప్పు

గుంతకల్లు టేసను బయట, టికెట్ల కిటికీకి ఎదురుగా
నా అంగడి. అంగడంటే ఏం లే,
ఒక గొడుగు, ఒక గోనెపట్ట,
బిస్కట్ల డబ్బా నిండా రన్నర్లు,
ఒక పట్టకారు, సగం కాలిన కొవ్వొత్తి.
పద్దెనిమిదేండ్లుగా పగిలిన సంచుల నోర్లు సరిచేస్తా ఉండా.

నిన్న నా కూతురు నస్రీన్ బడి నుంచి వచ్చి
పుస్తకాల సంచి దించకనే అడిగె:
"నాయినా, జిప్ ఇట్ అంటే ఏంది?"
నేను నవ్వితి.
"మన కూడే గదమ్మా అది. ఎవురు చెప్పిరి?"
"మేడం. బోర్డు మీద లెక్క తప్పు పోయిందని చెప్తే
రెండు వేళ్లు పెదాల మీద ఇట్ల లాగి
జిప్ ఇట్, అనె.
అందరూ నవ్విరి.
అర్థం కాక నేనూ నవ్వితి."

కొవ్వొత్తి నా చేతిలోనే ఉండిపాయ.

మా తట్టు నోర్మూసుకో అనేదానికి మాటలు తక్కువా!
వానల్లేని సీమలో ఆ పంట ఒక్కటీ బాగా పండుతాది.
గమ్మునుండు అంటారు.
పాలకేడ్చే బిడ్డను జోకొడతా అదే మాట,
బెదిరిన ఎద్దు గంగడోలు నిమురుతా అదే మాట,
తాసిల్దారాఫీసులో బంట్రోతు నోట అదే మాట.
ఎవురంటే వాళ్ల చేతిని బట్టి మెత్తగానో గరుకుగానో తిరుగుతాది.
ఊర్కే ఉండు అంటారు.
ఊర్కే అంటే కూలి లేకుండా అని గూడా.
మా జేజి అయితే
"నీ నోట్లో నువ్వుగింజ నానదే" అని నన్ను తిట్టి
చెంగు అడ్డం పెట్టుకొని తానే నవ్వేది.

ఈ ఇంగ్లీషు మాట అట్ల లేదు.
దీనికి పండ్లుండాయి.

జిప్పు సంగతి నాకు తెలిసినంత ఆ మేడానికి తెలుసునా?
మూసేదానికే అయితే జిప్పు ఎందుకు,
దబ్బనం చాలు, పురికోస చాలు,
శెనక్కాయల మూటను కుట్టినట్ల కుట్టి పారేయొచ్చు.
మళ్లా తెరిచే పని ఉంది గాబట్టే జిప్పు.
మూసుకొని తెరుచుకోకపోతే
చెడిపోయిందని నా కాడికి తెస్తారు,
ఇరవై రూపాయలిచ్చి బాగుచేయించుకుంటారు.

బెంగళూరు పనికి పోయే జనం రాత్రి బండికి వస్తారు.
పిల్లోల గుడ్డలు, కొర్రబియ్యం, ఊరగాయ సీసా,
ఒకాయన రోకలి గూడా పెట్టుకున్న్యాడు,
అంతా ఒకే సంచిలో కుక్కి
లాగి లాగి, నడిమిన పగిలితే
"జిప్పు మంచిది కాదబ్బా" అంటారు.
జిప్పుదేం తప్పు.

పోయినేడు ఒకామె వచ్చె, పత్తికొండ తట్టు మనిషి.
సుంకులమ్మ అని సంచి మీద పెన్నుతో రాసుంది.
సంచి పగిలింది. పెదవీ పగిలింది.
"బిర్న మూయప్పా" అనె, వెనక్కి వెనక్కి చూస్తా.
అడగల్ల అనుకుంటి.
రన్నరును పట్టకారుతో నొక్కి ఇచ్చేస్తి.
బండి పాయ.
ఆ పొద్దు నాకు ఎవురూ జిప్ ఇట్ అనలే.

ఇదంతా పాపకు చెప్పలే. పదేండ్లది.
డబ్బాలో ఎతికి ఒక ఇత్తడి రన్నరు తీసి
దాని సంచికి ఎక్కించి, కొవ్వొత్తి రుద్ది,
"లాగు" అంటి. సర్రున మూసుకొనె.
"ఇప్పుడు ఈ పక్కకు." తెరుచుకొనె.
ఆ సప్పుడుకే నవ్వుతా పదిసార్లు లాగె.

"సరే గాని, ఆ లెక్క నిజానికి ఎంతొచ్చల్ల?"
మన్నులో పుల్లతో రాసి చూపించె.
నేను మూడో తరగతిలో నిల్చిపోయినోన్ని.
అయినా ఒకటికి రెండుసార్లు కూడి చూస్తి.
పాపదే సరి.

"రేపు మళ్లా చెప్పు" అంటి.
గట్టిగానే అన్నెట్లుంది,
టికెట్ల వరుసలో ఇద్దరు తిరిగి చూసిరి.

చెప్తాదో చెప్పదో నాకు తెలీదు.
రాత్రి బండికి గంట కొట్టిరి.
సంచులు వస్తా ఉండాయి.